బటన్ నొక్కితే ఓవెన్ తనంతట తానే శుభ్రమవుతుందా? పైరోలిటిక్, కెటలిటిక్, స్టీమ్... ఏది తీసుకోవాలె?

నయీంనగర్ వంటిల్లు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. హన్మకొండలో ఇల్లు కడుతున్నాం, కిచెన్ పని చివరికొచ్చింది. కార్పెంటర్‌తో ఓవెన్ కోసం 60 సెంటీమీటర్ల గూడు వదిలించాం కానీ అందులో ఏ ఓవెన్ పెట్టాలో తేలక వారం నుంచి అక్కడే ఆగిపోయాం.

ఇప్పటిదాకా నాది ఓటీజీ (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్), ఎనిమిదేళ్ల నాటిది. దాని లోపలి గోడలు చూస్తే మీకే జాలేస్తుంది, ఎవరో గోధుమ రంగు వార్నిష్ పూసినట్టు ఉంటుంది. గోటితో గీకితే గోరు విరుగుతుంది కానీ అది మాత్రం ఊడిరాదు. ఈ బాధ మళ్లీ పడొద్దని ఈసారి సెల్ఫ్ క్లీనింగ్‌ది తీసుకుందామనుకున్నాం.

తిరగడం మొదలుపెట్టాక అసలు కన్ఫ్యూజన్ మొదలైంది. హైదరాబాద్‌లో ఒక షాపాయన పైరోలిటిక్ అన్నాడు, "మేడమ్, బటన్ నొక్కండి, మర్చిపోండి" అన్నాడు. ఇక్కడ ఇంకో షాపులో దాదాపు సగం ధరకే వచ్చేదానికి కూడా అదే డైలాగ్ చెప్పారు, దాని మీద స్టీమ్ క్లీన్ అని రాసి ఉంది. ఇంకొకాయన కెటలిటిక్ ప్యానెల్స్ అని గరుకు గరుకుగా ఉన్న నల్ల రేకులు చూపించాడు. మూడూ సెల్ఫ్ క్లీనింగే అయితే ధరలో అంత తేడా ఎందుకు? మా చిమ్నీ కూడా ఆటో క్లీనే, బటన్ నొక్కితే నూనె కరిగి కింది కప్పులోకి దిగుతుంది, ఓవెన్ కూడా అట్లనేనా?

మా వాడకం చెప్తాను: ఆదివారం చికెన్ రోస్ట్, పిల్లల కోసం కేకులు, అప్పుడప్పుడు పిజ్జా, డిసెంబర్‌లో మా కాజీపేట ఫ్రెండ్‌తో కలిసి ప్లమ్ కేకులు. మాది బోరు నీళ్లు. ఇంకో మాట, కిచెన్‌కి ఆనుకునే బాల్కనీ, అక్కడ మా బాబు లవ్‌బర్డ్స్ పంజరం ఉంటుంది కాబట్టి క్లీనింగ్‌కి పెద్ద చప్పుడు చేసేది వద్దు. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్, షాపువాళ్ల మాటలు విని విని తల తిరుగుతోంది.

నిమ్మకాయ_సోడా

అక్కా, ఇవన్నీ డబ్బులు గుంజే వేషాలు. తినే సోడాలో కొంచెం నీళ్లు కలిపి పేస్ట్ చేసి రాత్రి పూసి వదిలెయ్, పొద్దున తుడిచెయ్. 20 రూపాయల పని.

ఫాతిమానగర్ పక్కసందు

పై తమ్ముడి మాట మామూలు ఓవెన్‌కి కరెక్టే, కానీ అక్క అడిగింది అది కాదు కదా.

నేను ఉద్యోగం మీద జర్మనీలో మూడేళ్లు ఉన్నాను, అద్దె ఫ్లాట్‌లో పైరోలిటిక్ ఓవెన్ ఉండేది, అందుకే దాని మంచీ చెడూ రెండూ తెలుసు. ముందు మీ ఓటీజీ గోడల మీద ఉన్నదేంటో చెప్తాను, అది అర్థమైతే మిగతా మూడూ అర్థమవుతాయి. అది జిడ్డు కాదిప్పుడు. దోసె పెనానికి నూనె రాసి కాలుస్తూ పోతే నల్లగా, నున్నగా ఒక పొర కడుతుంది చూడండి, అదే ఇది. కొవ్వు వేడికి తన రూపం మార్చుకుని ప్లాస్టిక్‌లా గట్టిపడి ఇనుముకి అతుక్కుపోతుంది. పెనం మీదైతే దాన్ని అపురూపంగా కాపాడుకుంటాం, ఓవెన్ గోడ మీదైతే తిట్టుకుంటాం, అంతే తేడా. అందుకే సబ్బుకి రాదు, ఎందుకంటే సబ్బు పనిచేసేది కరిగే జిడ్డు మీద.

మరి ఎలా పోతుంది? మా అమ్మమ్మ వాళ్లు పరకాల దగ్గర పల్లెటూళ్లో ఉండేవాళ్లు. జిడ్డు పేరుకుపోయిన ఇనుప మూకుడును సంవత్సరానికి ఒకసారి, పండగ ముందు, కట్టెల పొయ్యిలో నిప్పుల మీద బోర్లించి వదిలేసేది. పొద్దున తీసి నేలకేసి కొడితే పొరలు పొరలుగా రాలిపోయేది, లోపల ఇనుము బూడిద రంగులో కొత్తదానిలా కనిపించేది. పైరోలిటిక్ అంటే అచ్చంగా అదే పని, కాకపోతే కరెంటుతో, తలుపు తాళం వేసుకుని.

వంటకి ఓవెన్ మహా అయితే 250, 275 డిగ్రీలకి పోతుంది. పైరోలో 480 నుంచి 500 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. ఆ వేడికి కొవ్వు, చక్కెర, పిండి, మాంసం రసం, ఏదైనా సరే, విడిపోయి కాలి బూడిద అవుతుంది. మురికిని బట్టి గంట నుంచి మూడు గంటల దాకా పడుతుంది, ఆ తర్వాత చల్లారడానికి ఇంకో గంట పైనే. సుమారు 300 డిగ్రీలు దాటగానే తలుపు దానంతటదే లాక్ అవుతుంది, మళ్లీ దిగేదాకా మీరు మొక్కినా తెరుచుకోదు. అంత వేడిని లోపలే ఆపాలి కాబట్టి ఈ ఓవెన్లకి తలుపులో మూడు నాలుగు అద్దాలు ఉంటాయి, చుట్టూ ఇన్సులేషన్ మందంగా ఉంటుంది, లోపలి ఎనామెల్ (గాజులాంటి గట్టి పూత) కూడా ఆ వేడికి పగలని రకం వేస్తారు. ధర ఎక్కువ ఉండేది అందుకే, ఉత్త బటన్‌కి కాదు. చాలావాటిలో పొగ బయటికి పోయే దారిలో కార్ సైలెన్సర్‌లో ఉండేలాంటి, పొగని తగ్గించే చిన్న కెటలిస్ట్ కూడా పెడతారు. ఇదేం కొత్త టెక్నాలజీ కూడా కాదు, అమెరికాలో జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) కంపెనీ వాళ్లు 1963లోనే ఇలాంటి ఓవెన్ అమ్మకానికి పెట్టారు.

ఇక నా అనుభవం. మొదటిసారి పెట్టినప్పుడు లోపలి ర్యాకులు తియ్యలేదు. కూడా ఉన్న మాన్యువల్ జర్మన్‌లో ఉంది, నేను చదవలేదు, నాదే తప్పు. తెల్లారి చూస్తే తళతళలాడే క్రోమ్ ర్యాకులు కాలిన సైకిల్ చువ్వల్లా నీలంగా మాసిపోయాయి, గాడిలో జరపాలంటే కీచుమని చప్పుడు. ఓనర్‌కి డబ్బులు కట్టాను. కొన్ని మోడళ్లకి పైరో తట్టుకునే ర్యాకులు వస్తాయి, మీది అదో కాదో చూసుకోండి, లేకపోతే ర్యాకులు, ట్రేలు, పక్క పట్టీలు అన్నీ బయట పెట్టాలి. అంటే అవి చేత్తోనే కడగాలి, "బటన్ నొక్కి మర్చిపోండి" అక్కడే అబద్ధం అయిపోయింది.

ఇంకోటి, అడుగున గరిటెడు నూనె నిలిచి ఉంటే ముందు తుడిచెయ్యాలి, చికెన్ ముక్కలు రాలి ఉంటే ఏరెయ్యాలి. లేకపోతే పొగ ఏ రేంజ్‌లో వస్తుందంటే పక్క ఫ్లాట్ ముసలాయన వచ్చి తలుపు కొట్టాడు. పని అయ్యాక మాత్రం, నిజం చెప్పాలంటే, లోపల చూస్తే ముచ్చటేస్తుంది. అడుగున అరచేతిలో పట్టేంత తెల్లటి బూడిద, తడిగుడ్డతో ఒక్క తుడుపు, అంతే.

వరంగల్ సర్వీస్ అన్న

ఇళ్లల్లో ఓవెన్లు, వాషింగ్ మెషిన్లు రిపేర్ చేసే పని నాది, 14 ఏళ్లుగా. పైన అన్న చెప్పింది కరెక్ట్, దానికి నేను కొన్ని కలుపుతా.

ముందు కెటలిటిక్ సంగతి, ఎందుకంటే దీని మీదనే జనానికి ఎక్కువ అపోహ. షాపులో మీరు ముట్టుకున్న ఆ గరుకు రేకులున్నాయి కదా, వాటి ఎనామెల్ స్పాంజిలా సన్న సన్న రంధ్రాలతో ఉంటుంది, అందులో మాంగనీస్ లాంటి లోహాల ఆక్సైడ్లు కలుపుతారు. చికెన్ కాలుతున్నప్పుడు చిట్లిన నూనె చుక్క గోడ మీద పడితే మామూలు ఎనామెల్ మీద బొట్టులా నిలబడిపోతుంది, ఇక్కడ మాత్రం సిరా అద్దుడు కాగితం మీద పడ్డట్టు పీల్చుకుని పలచగా పరుచుకుంటుంది. 200 డిగ్రీలు దాటితే ఆ ఆక్సైడ్ల వల్ల మెల్లగా కాలిపోతుంది. అంటే దీనికి వేరే ప్రోగ్రామ్ లేదు, మీరు వంట చేస్తుండగానే పని అవుతుంటుంది. మరకలు కనిపిస్తుంటే ఖాళీ ఓవెన్‌ని 250 డిగ్రీల దగ్గర ఓ గంట నడిపిస్తే చాలు.

వినడానికి బాగుంది కదా, ఇప్పుడు అసలు కథ. ఆ రేకులు రెండు పక్కలా, వెనకాల ఉంటాయి. అడుగున ఉండవు, తలుపు అద్దానికి ఉండవు, చాలా మోడళ్లలో పైకప్పుకీ ఉండవు. మురికి ఎక్కువ పడేది అడుగునే! పైగా అది తినేది కొవ్వు ఒక్కటే. కేక్ పొంగి చక్కెర కారినా, పాలు ఒలికినా, పిజ్జా సాస్ పడినా ఆ రంధ్రాల్లో గడ్డకట్టి మూసుకుపోతాయి. ఆ భాగం ఇక పనిచెయ్యదు. రుద్దుదామంటే ఆ పూత ఊడుతుంది. కొన్నేళ్లకి రేకులు మార్చుకోవాల్సిందే, అవి మన దగ్గర దొరకడం కష్టం, ఆర్డర్ పెట్టి వారాలు ఆగాలి.

నిమ్మకాయ సోడా తమ్మీ, నీ పేస్ట్ ఈ రేకుల మీద మాత్రం పూయకు. సోడా రంధ్రాల్లో దూరితే రాదు. బజార్లో దొరికే ఓవెన్ క్లీనర్ స్ప్రే అసలే వద్దు, చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. కిందటేడు ఒక ఇంటికి పోతే వాళ్లు స్టీల్ పీచుతో తోమి తోమి నల్ల రేకుని వెండి రేకు చేసి పెట్టారు, "అన్నా, ఇప్పుడు మెరుస్తుంది కదా, మరి ఎందుకు క్లీన్ అవ్వట్లే" అని నన్నే అడిగారు.

పైరో తీసుకుంటే కరెంటు లైన్ గురించి ముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. బిల్టిన్ ఓవెన్లు 3 నుంచి 3.6 కిలోవాట్ల దాకా లాగుతాయి, అంటే 16 ఆంప్స్‌కి దగ్గరగా. మిక్సీ సాకెట్ నుంచి లూప్ తీసి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. మీటర్ దగ్గర్నుంచి వేరే వైరు, వేరే ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), ఎర్తింగ్ పక్కాగా ఉండాలి. ఇన్వర్టర్ లైన్‌లో మాత్రం కలపకండి, ఇంటి ఇన్వర్టర్ దీన్ని మొయ్యలేదు.

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందని అందరూ అడుగుతారు. తలుపు లాక్‌లోనే ఉంటుంది, లాగొద్దు, గుంజొద్దు. కరెంటు వచ్చాక చల్లారిందని సెన్సర్ చూసుకుని అదే తీస్తుంది. అయితే ఇక్కడొక చిక్కుంది, కరెంటు పోయినప్పుడు కూలింగ్ ఫ్యాన్ కూడా ఆగుతుంది కదా, లోపల 450 డిగ్రీల వేడి ఎటూ పోలేక పైన ఉన్న ఎలక్ట్రానిక్ బోర్డు వైపు ఎక్కుతుంది. థర్మల్ ఫ్యూజ్ కొట్టెయ్యడం నేను చూశాను. ఫ్యూజ్ చిన్నదే కానీ దాని కోసం ఓవెన్ మొత్తం గూట్లోంచి బయటికి లాగాలి. అందుకని గాలివాన సూచన ఉన్న సాయంత్రాలు, లైన్ క్లియరెన్స్ (రిపేర్ కోసం కరెంటు తీయడం) ఉందని ముందే చెప్పిన రోజుల్లో పైరో పెట్టకండి. పండగ ముందు రోజు కూడా వద్దనే అంటాను, ఏదన్నా అయితే పండగ రోజు ఓవెన్ ఉండదు, ఫోన్ చేస్తే నేనూ ఉండను.

ఫాతిమానగర్ పక్కసందు

అన్నా, ఒక్కసారి పైరో నడిపితే ఎంత కరెంటు పడుతుందో కూడా చెప్పాల్సింది. నా లెక్కలో చిన్న ప్రోగ్రామ్‌కి మూడు యూనిట్లు, పెద్దదానికి ఐదారు యూనిట్లు. యూనిట్ పది రూపాయల లెక్కన వేసుకున్నా 30 నుంచి 60 రూపాయలు. ఏడాదికి నాలుగైదు సార్లకి మించి పెట్టం కాబట్టి బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు, నిమ్మకాయ తమ్ముడి 20 రూపాయలకి మరీ దూరమేం కాదు :)

నిమ్మకాయ_సోడా

సరే అన్నా, రేకుల సంగతి నాకు తెల్వదు, ఒప్పుకుంటున్న. కానీ ఓవెన్‌కే అదనంగా పెట్టే వేల రూపాయల్ని ఆ 60లో కలపలేదు మీరు.

నయీంనగర్ వంటిల్లు

అందరికీ చాలా థాంక్స్, షాపుల్లో ఒక్కరు కూడా ఇంత వివరంగా చెప్పలేదు. కెటలిటిక్ నా కేకులకి పనికిరాదని అర్థమైంది, అది తీసేశాను లిస్ట్‌లోంచి. మరి స్టీమ్‌ది ఎలా ఉంటుంది? సగం ధర కదా, మావారికి దాని మీదే మనసు.

ఇంకో తెలివితక్కువ ప్రశ్న, తిట్టకండి. నా పాత ఓటీజీని ఖాళీగా 250 మీద రెండు మూడు గంటలు వదిలేస్తే అది కూడా పైరోలా కాలి శుభ్రమవుతుందా?

వరంగల్ సర్వీస్ అన్న

వద్దమ్మా! 250కి ఆ పొర బూడిద కాదు, ఇంకా గట్టిపడుతుంది, మీరు పెనం కాల్చినట్టే అవుతుంది. పైగా ఓటీజీకి ఇన్సులేషన్ అంతంతే, పక్కన ప్లాస్టిక్ డబ్బా ఏదన్నా ఉంటే కరుగుతుంది. దానికి తమ్ముడి సోడా పేస్టే మందు, కాయిల్స్‌కి తగలకుండా, ప్లగ్ తీసేసి. ఒక్కసారికి పోదు, మూడు నాలుగు రాత్రులు పూయాలి.

సుబేదారి సుజాతక్క వంటలు కాదు

(పేరు సరదాకి, ఎవరూ రెసిపీ అడగకండి.)

నేను రెండేళ్లుగా స్టీమ్ క్లీన్ ఉన్న ఓవెన్ వాడుతున్నాను, కాబట్టి ఇది నేను చెప్పాలి. దాన్ని క్లీనింగ్ అనకూడదు, నానబెట్టడం అనాలి. అంట్లు తోమే ముందు మాడిన గిన్నెలో నీళ్లు పోసి వదిలేస్తాం కదా, అంతే. అడుగున ఉన్న గుంటలో ఓ అర లీటరు నీళ్లు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ పోసి బటన్ నొక్కితే కింది కాయిల్ 80, 90 డిగ్రీలకి వేడెక్కి ఆవిరి పుట్టిస్తుంది, ఆ ఆవిరి గోడల మీద చెమటలా పడుతుంది. అరగంటలో అయిపోతుంది. ఆ తర్వాత తుడవాల్సింది మీరే, వంగి, తల లోపల పెట్టి, మోచేతి దాకా తడుపుకుంటూ.

నిన్న చేసిన చికెన్ మరకలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నెల కిందటి మరకకి అస్సలు పనిచెయ్యదు. పైకప్పు మీద కాలి అంటుకున్న వాటిని ఆ ఆవిరి ముట్టుకోను కూడా ముట్టుకోదు. ప్రతి రోస్ట్ తర్వాత ఓవెన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే చేసే ఓపిక ఉంటే ఇంతకంటే మంచిది లేదు, పొగ లేదు, వాసన లేదు, కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు. నాకైతే మొదటి రెండు నెలలే ఆ ఓపిక ఉండింది.

మీది బోరు నీళ్లు అన్నారు, ఇది ముఖ్యం. మాదీ బోరే. ఆరు నెలలకి అడుగున గుంట చుట్టూ తెల్లటి చారలు కట్టాయి, మన గీజర్ కాయిల్‌కి, స్టీల్ బకెట్ అంచుకి కట్టే ఉప్పు లాంటిదే. నేను మురికి అనుకుని తోముతూనే ఉన్నాను. ఆవిరైపోయేది నీళ్లే, అందులోని సున్నం అక్కడే ఉండిపోతుందని తర్వాత వెలిగింది. కొంచెం వెనిగర్ నీళ్లలో కలిపి గుడ్డ తడిపి పది నిమిషాలు పరిస్తే పోయింది. అప్పట్నుంచి ఫిల్టర్ నీళ్లే పోస్తున్నాను. వెనిగర్ పోసి ఓవెన్ ఆన్ చెయ్యకండి, ఘాటు కళ్లలోకి కొడుతుంది, చల్లగా ఉన్నప్పుడే.

చిమ్నీతో పోల్చారు కదా, అది వేరు. చిమ్నీలో నూనె ఇంకా జిడ్డుగానే ఉంటుంది కాబట్టి కొంచెం వేడికే కరిగి కారుతుంది. ఓవెన్ గోడ మీద కరగడానికి ఏం మిగల్లేదు, పైన అన్న చెప్పినట్టు అది పెనం పొర.

ఫాతిమానగర్ పక్కసందు

ఒక్క నిమిషం, మొదటి పోస్ట్ మళ్లీ చదువుతుంటే ఇప్పుడు కనిపించింది. అక్కా, లవ్‌బర్డ్స్ అన్నారు!! చప్పుడు సంగతి వదిలెయ్యండి. పైరో పెట్టే ముందు ఆ పంజరాన్ని కిచెన్‌కి దూరంగా, వీలైతే ఇంటి బయటికి, ఆ రోజుకి పక్కింటికి పంపెయ్యాలి. పక్షుల ఊపిరితిత్తులు చాలా సున్నితం, మనకి కొంచెం వాసనగా అనిపించే పొగ వాటికి ప్రాణం తీస్తుంది. ముఖ్యంగా నాన్‌స్టిక్ పూత ఉన్న ట్రే పొరపాటున లోపల ఉండిపోతే, ఆ పూత అంత వేడికి విషవాయువులు వదులుతుంది, గదిలో ఉన్న పక్షులు నిమిషాల్లో పోతాయి. ఇది పైరోకే కాదు, స్టవ్ మీద ఖాళీ నాన్‌స్టిక్ పెనం మర్చిపోయినా అంతే. మనుషులకి కూడా కిటికీలు తెరిచి, చిమ్నీ వేసి, పిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లని అది అయిపోయేదాకా వేరే గదిలో ఉంచడం మేలు.

వరంగల్ సర్వీస్ అన్న

ఇది నాకూ తెలియదన్నా. ఇక నుంచి ఇన్‌స్టాలేషన్‌కి పోయిన ప్రతి ఇంట్లో పిట్టలున్నాయా అని అడుగుతా.

నయీంనగర్ వంటిల్లు

అయ్యో, నేను చప్పుడుకి భయపడతాయని మాత్రమే అనుకున్నాను! చదివి చేతులు చల్లబడ్డాయి. బాబుకి చూపించాను, వాడు అప్పుడే పంజరం తీసుకుపోయి ముందు గదిలో పెట్టాడు, ఓవెన్ ఇంకా కొననే లేదు.

మావారితో కూర్చుని లెక్కేశాం. నేను ప్రతిసారీ తుడిచే మనిషిని కాదు, ఆ ఓటీజీయే సాక్ష్యం. కాబట్టి స్టీమ్ నాకు కుదరదు. పైరోనే తీసుకుంటున్నాం, ఏడాదికి మూడు నాలుగు సార్లు, ఆ రోజు లవ్‌బర్డ్స్ మా అత్తమ్మ వాళ్లింటికి. ఎలక్ట్రీషియన్‌ని రేపు రమ్మన్నాం వేరే లైన్ కోసం, గోడకి పుట్టీ పెట్టేశారు, మళ్లీ కొట్టాలట, పెయింటర్ నన్ను ఇంట్లోకి రానిస్తాడో లేదో.

సర్వీస్ అన్నా, ర్యాకులు పైరో తట్టుకునేవో కాదో షాపులోనే చూసి ఎలా గుర్తుపట్టాలె?

వరంగల్ సర్వీస్ అన్న

తళతళా మెరిసే క్రోమ్‌వైతే డౌటే. ఓవెన్ లోపలి గోడలాగే నల్లగా, మచ్చలు మచ్చలుగా ఎనామెల్ వేసి ఉంటే చాలావరకు తట్టుకుంటాయి. కానీ కంటితో చూసి నమ్మొద్దు, డబ్బులు కట్టే ముందే మాన్యువల్ అడిగి క్లీనింగ్ పేజీ చదవండి, ఏవి తియ్యాలో బొమ్మ వేసి ఉంటుంది. తలుపు చుట్టూ ఉండే తాడులాంటి గాస్కెట్ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ తోమకండి, తడపకండి, అది నలిగితే వేడి అక్కణ్నుంచే బయటికి వస్తుంది.

పుట్టీ కొడుతున్నారు కాబట్టి ఆ చేత్తోనే గూడు వెనకాల గాలి పోయే సందు ఉందో లేదో కార్పెంటర్‌తో టేప్ పెట్టి కొలిపించండి, ఎంత ఉండాలో అదే మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. చాలా ఇళ్లల్లో అందం కోసం వెనక ప్లైవుడ్ మూసేస్తున్నారు.

నయీంనగర్ వంటిల్లు

మూసేశారు అన్నా. ఇప్పుడే పోయి చూసొచ్చాను.